ఆరుబయటి బడి

బిడ్డల చదువును గూర్చి మన గృహములలో జరుగు ప్రసంగములలో, ఏ బడిలో చేర్పవలెను, ఎంత రుసుము చెల్లింపవలెను, పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినవి అను మూడు ప్రశ్నలే తరచుగా వినవచ్చుచుండును. బిడ్డ నేడు బయట ఏమి చూచెను, చూచినదానిని గూర్చి ఏమి అడిగెను అను ప్రశ్న వినవచ్చుట అరుదు. సాయంకాలము ఒక గంటసేపు చెరువుగట్టున తిరిగి వచ్చిన బాలుని గద్దించు తల్లిదండ్రులే, ఆ బాలుడు గదిలో కూర్చుండి చెరువును గూర్చిన పాఠమును పదిమారులు వల్లించినచో మిక్కిలి సంతోషింతురు. చెరువుకంటె చెరువును గూర్చిన పాఠము గొప్పదియను ఈ భావము మనకెట్లు కలిగినది? దీనికి భిన్నముగా తలచినవారు లోకమున ఎవరు? వారేమి చేసిరి? వారి ప్రయత్నములలో నిలిచినదేది, నిలువనిదేది? ఈ సంగతులను చరిత్రమూలముగా విచారింపదలచితిమి.

ఈ విషయమును ఎత్తినంతనే మనవారిలో కొందరు, "ఇది మనకు క్రొత్తదా? మన పూర్వులు తపోవనములలో చెట్లనీడలనే చదువు చెప్పలేదా?" అని అందురు. ఆ తపోవనములయెడ మాకును గౌరవము కలదు. కాని రెండు మాటలు మరువరాదు. ఆ వనముల వాకిళ్లు అందరికిని తెరచియుండలేదు. శూద్రులకును స్త్రీలకును అవి చాలవరకు మూయబడియే యుండెను. మఱియు, చెట్టుక్రింద కూర్చుండుట వేరు, చెట్టునుండి నేర్చుకొనుట వేరు. ఇందుకు దూరపు దృష్టాంతము అక్కఱలేదు. మన తాతముత్తాతల నాటి వీధిబడులు అరుగులమీదను, చావడులలోను, చెట్లక్రిందను జరిగెడివి. బళ్లారి మండలమునకు కలెక్టరుగానుండిన కాంబెల్ దొర 1823వ సంవత్సరమున ఆ సీమలోని బడులను గూర్చి వ్రాసి పంపిన నివేదికలో, పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుటను వర్ణించి, వారు పద్యములను అర్థము తెలియకయే కంఠస్థము చేయుచుండిరని చెప్పియున్నాడు. గాలి, వెలుతురు, ఇసుక, చెట్టు అన్నియు చుట్టునుండెను. చూపుమాత్రము వానిపైకి పోవుటకు సెలవు లేకుండెను. కావున ఆరుబయటి బడి యనగా కప్పు లేని బడి యని మాత్రమే అనుకొనరాదు.

ఐరోపాఖండమున ఈ భేదమును గట్టిగా ఎత్తి చూపినవాడు రూసో. ఆయన రచించిన "ఎమీల్" అను గ్రంథము 1762వ సంవత్సరమున వెలువడెను. అందు ఎమీల్ అను బాలుని ఒక గురువు పెంచును. భూగోళమును, నక్షత్రగతులను నేర్చుటవలన ప్రయోజనమేమని ఆ బాలుడు ఒకనాడు ప్రశ్నింపగా, గురువు ఉపన్యాసము చేయక, మఱునాటి ఉదయమున వానిని మోంమోరెన్సీ యను ఊరి సమీపమునగల అడవిలోనికి షికారు తీసికొనిపోవును. ఇరువురును దారి తప్పుదురు. ఎండ ముదురును, ఆకలి యగును, బాలుడు ఏడ్చును. అప్పుడు గురువు, మధ్యాహ్నవేళ నీడ ఏ దిక్కునకు పడునో, అడవి ఊరికి ఏ దిక్కున ఉన్నదో మెల్లగా జ్ఞాపకము చేయును. అడవి ఊరికి ఉత్తరమున ఉన్నదిగాన ఊరు దక్షిణమున ఉండవలెను. నీడ ఉత్తరమునకు పడునుగాన దానికి ఎదురుగా నడువవలెను. బాలుడు తానే ఈ సంగతి కనిపెట్టి ఊరు చేరి భోజనము చేయును. ఆ దినమున నేర్చిన పాఠమును వాడు జన్మమున మరువడని గ్రంథకర్త యభిప్రాయము.

ఈ గ్రంథమునకు కలిగిన సన్మానమేమనగా, పారిస్ నగరమునందును, రూసో పుట్టిన జెనీవాయందును అధికారులు దానిని తగులబెట్టించుట. అందలి మతాభిప్రాయములు అందుకు ముఖ్యకారణములు. రూసో దేశము విడిచి పోవలసివచ్చెను. కాని మేము ఈయనను నిర్దోషిగా చూపదలచుకొనలేదు. తన స్వంత బిడ్డలనైదుగురిని అనాథశరణాలయమునకు పంపివేసిన తండ్రి ఈయనయే. బాలునకు అడవిని విడిచిపెట్టిన ఆ గ్రంథమే, కడపటి భాగమున సోఫీ యను బాలికను పురుషుని మెప్పించుటకే పెంచవలెనని బోధించినది. సగము లోకమునకు తలుపు తెరచి సగము లోకమునకు మూసిన ఈ దోషము రూసోతో పోలేదు. మన ఇండ్లలో నేటికిని కలదు. దీనినిగూర్చి ముందు చెప్పెదము.

రూసో కాగితముమీద వ్రాసినదానిని బిడ్డల నడుమ నిలిచి చేసి చూపినవాడు స్విట్జర్లండు దేశీయుడగు పెస్టలోజీ. 1805వ సంవత్సరమునుండి ఇరువదియేండ్లు ఆయన ఇవెర్డన్ పట్టణమున నడపిన విద్యాలయమునకు ఐరోపా నలుమూలలనుండి ఉపాధ్యాయులు చూడవచ్చుచుండిరి. అచట చదివిన యొక శిష్యుడు పెద్దవాడైన పిమ్మట తమ భూగోళపాఠమును వర్ణించి యున్నాడు. ఉపాధ్యాయులు పిల్లలను పట్టణ సమీపమున బ్యూరన్ అను వాగు ప్రవహించు ఇరుకులోయకు తీసికొనిపోయెడివారు. మొదట లోయనంతయు చూడుడనిరి. పిమ్మట దాని భాగములను వేఱువేఱుగ చూడుడనిరి. ఆ పిమ్మట లోయ ప్రక్కనుండి బంకమన్ను త్రవ్వి గంపలలో నింపుకొమ్మనిరి. బడికి వచ్చిన తరువాత పెద్ద బల్లలమీద ఆ మంటితో తాము చూచిన లోయను పిల్లలే తీర్చవలెను. మఱునాడు మఱికొంత యెత్తునకు ఎక్కి మఱికొంత చూచి వచ్చి, బొమ్మను సరిదిద్దవలెను. ఆ మట్టిలోయ పూర్తియైన తరువాతగాని దేశపటము వారి ముందర పెట్టబడలేదు. అప్పటికి పటమును చదువుట వారికి వచ్చియే యుండెను.

ఈ చిన్న వృత్తాంతమున ఆరుబయటి బడియొక్క పద్ధతియంతయు నిమిడియున్నది. మొదట చూపు, పిమ్మట చేతిపని, కడపట పుస్తకము. మనము చేయుచున్నది దీనికి సరిగా తలక్రిందు. గోదావరి తీరమున పుట్టి పెరిగిన పిల్లవాడు గోదావరి నాసికముదగ్గర పుట్టినదని వల్లించును. తన ఊరివద్ద అది ఏ గట్టును కోయుచున్నదో, ఏ గట్టున మేట వేయుచున్నదో చూచి యెఱుగడు. పుస్తకము చెప్పినది అబద్ధము కాదు. కాని ముందుగ కంటికి కనబడవలసినది పటములోని సన్నని నీలిగీతయై పోయినది.

ఇవెర్డన్‌లో 1808 మొదలు 1810 వఱకు ఉండి ఆ పద్ధతిని చూచినవారిలో ఫ్రోబెల్ ఒకడు. జర్మనీలో తురింగియా అడవుల సీమవాడు. పసితనముననే తల్లిని పోగొట్టుకొన్నవాడు. పదునైదేండ్ల ప్రాయమున ఒక అటవీ ఉద్యోగివద్ద పని నేర్చుకొనుటకు కుదిరి, రెండేండ్లు చెట్ల నడుమ గడపినవాడు. ఆయన 1837వ సంవత్సరమున బ్లాంకెన్‌బుర్గ్ అను ఊరిలో పసిబిడ్డలకై యొక శాలను స్థాపించి, 1840వ సంవత్సరమున దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టెను. ఆ మాటకు పిల్లల తోటయని అర్థము. అది అలంకారముగా పెట్టిన పేరు మాత్రమే కాదు. ఆయన యేర్పాటులో పిల్లలకందఱకు ఉమ్మడి మళ్లును, ఒక్కొక్కరికి విడివిడిగా చిన్న మడియును ఉండవలెను. తన మడిలో బిడ్డ తన యిష్టమువచ్చినది నాటుకొని, నీరు పోసి, అది చచ్చినను బ్రదికినను తానే చూచుకొనవలెను. ప్రష్యా ప్రభుత్వమువారు 1851వ సంవత్సరమున ఈ శాలలను నిషేధించిరి. ఫ్రోబెల్ మఱుసటియేడే కాలముచేసెను. నిషేధము 1860వ సంవత్సరమున తొలగెను. శాలలు లోకమంతట వ్యాపించినవి. నేడు మన పట్టణములలో ఆ పేరు పెట్టుకొనని వీధి లేదు. కాని వానిలో అనేకము మేడమీది గదులు. గోడమీద చెట్టుబొమ్మ యుండును, క్రింద పిడికెడు మన్నుండదు. పేరు వచ్చినది, తోట రాలేదు.

అమెరికాలో జరిగిన ప్రయత్నము మన గృహస్థులకు మఱియొక విధమున ఉపయోగకరమైనది. 1890వ సంవత్సర ప్రాంతములందు న్యూయార్కు రాష్ట్రమున సేద్యము క్షీణించి, పల్లెవారు పట్టణములకు తరలిపోవ మొదలిడగా, పల్లెబడులలో ప్రకృతిపరిశీలనమును నేర్పినచో బిడ్డలకు భూమిపై మమకారము కలుగునని కొందఱు తలచిరి. ఆ పనిని కార్నెల్ విశ్వవిద్యాలయము చేపట్టెను. దానిలో ముఖ్యురాలగు అన్నా కామ్‌స్టాక్ అను విదుషి 1911వ సంవత్సరమున ఉపాధ్యాయులకొఱకు గొప్ప గ్రంథమొకటి ప్రకటించెను. ఆమె బోధించినదానిలో మాకు అన్నిటికంటె నచ్చినది, పెద్దలు "నాకు తెలియదు" అనుటకు సిగ్గుపడరాదనుట. పురుగు పేరేమని బిడ్డ యడిగినప్పుడు తెలియనిచో తెలియదని చెప్పి, ఇరువురమును కలిసి కనిపెట్టుదము రమ్మని పిలువవలెను. తెలియని తల్లి, తెలియని పంతులు ఇందుకు అనర్హులు కారు. తెలిసినట్లు నటించి ప్రశ్నను నొక్కివేయువారే అనర్హులు.

బిడ్డల ఆరోగ్యమునకై యేర్పడిన ఆరుబయటి బడుల కథ కొంచెము భిన్నమైనది. బెర్లినునకు చేరియున్న షార్లొటెన్‌బుర్గ్ పట్టణమువారు 1904వ సంవత్సరమున దేవదారుజాతి చెట్ల నడుమ బలహీనులగు బిడ్డలకై అడవిబడి నొకదానిని తెరచిరి. 1907వ సంవత్సరమున లండనువారు వారి మార్గమునే యనుసరించిరి. క్షయవ్యాధికి తగిన మందు లేని ఆ దినములలో గాలి, వెలుతురు, విశ్రాంతియే మందు. 1940 తరువాత మందులు వచ్చినవి. అట్టి బడులు క్రమముగా మూతపడినవి. కాని ఎండవెలుతురు అక్కఱ తీరిపోలేదు. ఇప్పుడు తూర్పు ఆసియా దేశములలో బిడ్డలకు దూరపుచూపు మందగించి చిన్నతనముననే కండ్లద్దములు తప్పనివగుచున్నవి. తైవాన్ ప్రభుత్వమువారు 2010వ సంవత్సరమున, బడిపిల్లలు దినమునకు 120 నిమిషములు ఆరుబయట గడపవలెనని యేర్పాటుచేసిరి. అంతవఱకు ఏటేట పెరుగుచు వచ్చిన దృష్టిదోషము అటుతరువాత కొన్నియేండ్లలో తగ్గుముఖము పట్టినది. బిడ్డ బయట తిరిగిన గంట వృథాయైన గంటయని తలచువారు ఈ సంగతి గమనింతురుగాక.

ఇక మన దేశమునకు వత్తము. ఈ ఉద్యమమునకు మన దేశమున మూలపురుషుడు రవీంద్రనాథ ఠాకూరు. ఆయన బాల్యము తలుపుల వెనుక గడచినది. కలకత్తాలోని పెద్దయింటిలో బిడ్డల పోషణము సేవకుల యధీనమున ఉండెను. వారిలో నొకడు తన పని సులభముచేసికొనుటకై బాలుని ఒకచోట కూర్చుండబెట్టి, చుట్టును సుద్దతో గీతగీసి, దానిని దాటిన ఆపద వచ్చునని బెదరించి పోవుచుండెను. సీతమ్మవారు గీత దాటి పడిన కష్టములను చదివియున్న ఆ బాలుడు భయముచే కదలక, కిటికీసందులనుండి క్రిందనున్న కొలనును, మఱ్ఱిచెట్టును చూచుచు ప్రొద్దుపుచ్చెడివాడు. ఈ సంగతిని 1912వ సంవత్సరమున ప్రకటించిన "జీవనస్మృతి"లో ఆయనయే వ్రాసియున్నారు. ఆ గీతను చెరపినవారు ఆయన తండ్రి దేవేంద్రనాథులు. 1873వ సంవత్సరమున ఉపనయనమైన పిమ్మట కుమారుని వెంటబెట్టుకొని శాంతినికేతనమునకును, అచటినుండి హిమాలయములలోని డల్హౌసీకిని పోయిరి. శాంతినికేతనమున బాలుడు వానకు కోసుకొనిపోయిన ఎఱ్ఱమట్టి గండ్లలో తిరిగి రంగురాళ్లు ఏరితెచ్చెడివాడు. ఇవి పనికిమాలిన రాళ్లని తండ్రి పారవేయింపలేదు. మెచ్చుకొని, వానితో అచటి మట్టిదిబ్బను అలంకరింపుమనెను. కొండమీద బాలుడు చేతికఱ్ఱ పట్టుకొని ఒంటరిగా తిరుగుచున్నను వారింపలేదు. రాత్రివేళ నక్షత్రములను చూపి జ్యోతిశ్శాస్త్రము చెప్పెను.

ఈ తండ్రి చేసినదేమి? బిడ్డను ఒంటరిగా తిరుగనిచ్చెను. తిరిగి వచ్చినప్పుడు వాడు తెచ్చినదానిని గౌరవించెను. మొదటిది లేనిచో బిడ్డకు చూపు కలుగదు. రెండవది లేనిచో కలిగిన చూపు నిలువదు. తఱచుగా మనము బిడ్డను విడిచిపెట్టినను, వాడు జేబులో దాచితెచ్చిన గవ్వను, ఈకను, గింజను చూచి చీదరించుకొని పారవేయుదుము. వాడు మఱల తీసికొనిరాడు.

రవీంద్రులు 1901వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఆ శాంతినికేతనముననే ఐదుగురు విద్యార్థులతో బడి ప్రారంభించిరి. అందు తమ కుమారుడొకడు. ధనము చాలనప్పుడు వారి భార్య మృణాళినీదేవి తన నగలను ఇచ్చివేసెను. బడి తెరచిన మఱుసటియేడే ఆమె గతించినది. అచట తరగతులు చెట్లక్రింద జరుగుచుండెను, నేటికిని జరుగుచున్నవి. కాని మేము ముందు చెప్పినట్లు చెట్టునీడయే అచటి విశేషము కాదు. జగదానందరాయ్ అను ఉపాధ్యాయుడు రాత్రులయందు పిల్లలకు దూరదర్శినితో గ్రహములను చూపుచు, పక్షులను గూర్చియు పురుగులను గూర్చియు వంగభాషలో పిల్లలకు అర్థమగు గ్రంథములు వ్రాసెను. తేజేశ్‌చంద్రసేన్ అను మఱియొక ఉపాధ్యాయుడు ఒక తాటిచెట్టును కొట్టివేయ మనసొప్పక, దానిని నడుమ నుంచుకొని చుట్టును ఇల్లు కట్టుకొనెను. 1928వ సంవత్సరమున వృక్షారోపణోత్సవము నెలకొల్పబడినది. పండుగయనగా చెట్టును నాటుట యని బిడ్డలకు తోచెను. "తోతాకాహినీ" యను కథను రవీంద్రులు 1918వ సంవత్సరమున వ్రాసిరి. అందు రాజుగారి చిలుకకు చదువు చెప్పింపవలెనని పండితులు దాని నోట కాగితములు కుక్కి చంపివేయుదురు. ఆ కథను చదివి నవ్వనివారు లేరు. తమ ఇంటి చిలుకను తలచుకొన్నవారు కొందరే.

అయినను పరీక్ష యనునది శాంతినికేతనమును కూడ విడువలేదు. అచటి విద్యార్థులును కలకత్తా విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షకు కూర్చుండవలసినవారే. 1937వ సంవత్సరమున గాంధిమహాత్ముడు వార్ధాలో ప్రతిపాదించిన మూలవిద్యావిధానమునకు జాకీర్ హుస్సేన్ సంఘమువారు ఏర్పరచిన పాఠ్యక్రమమున ప్రకృతిపరిశీలనమునకును నక్షత్రజ్ఞానమునకును చోటు కలిగెను. అదియు దేశమంతట నిలువలేదు. 1991వ సంవత్సరమున సుప్రీముకోర్టువారు పర్యావరణవిషయమును విద్యాలయములన్నిటను విధిగా బోధింపవలెనని తీర్పు చెప్పిరి. ఉద్దేశము ఘనమైనది. కాని చాలచోట్ల జరిగినదేమనగా, పర్యావరణము మఱియొక పుస్తకమైనది. దానికి మఱియొక పరీక్ష వచ్చినది. ఆ పరీక్షకు చదువవలెనని బిడ్డలు మఱియొక గంట ఇంటిలోపల కూర్చుండవలసివచ్చినది. చట్టము పుస్తకమును బడికి పంపగలదు. బిడ్డను బయటికి పంపవలసినది ఇల్లు.

మన తెలుగునాటికిని ఈ చరిత్రలో చోటు కలదు. 1919వ సంవత్సరమున రవీంద్రులు మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో కొన్నిదినములు విశ్రమించి, జనగణమన గీతమును అచటనే ఆంగ్లమునకు తెనిగించినట్లుగా సులభశైలిని మార్చి యిచ్చిరి. ఆ మదనపల్లెలోనే 1895వ సంవత్సరమున తెలుగుకుటుంబమున జిడ్డు కృష్ణమూర్తి జన్మించెను. బడిలో ఆయన మందబుద్ధియని పేరుపడెను. పాఠము అప్పగింపలేక దెబ్బలు తినెను. మబ్బులను, పురుగులను చూచుచు మైమరచు ఆ బాలుని చూపునకు విలువ కట్టు పరీక్ష ఆ బడిలో లేకుండెను. పిమ్మట ఆయన ఆశయముల ననుసరించి మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ విద్యాలయము వెలసినది. వానలు చాలని, రాళ్లుతేలిన లోయ అది. అచటివారు ఏండ్లతరబడి చెట్లు నాటి, వాననీటిని నిలిపి, దానిని పచ్చబఱచిరి. పక్షులు వచ్చినవి, 1991వ సంవత్సరమున ఆ లోయ పక్షిరక్షితస్థలముగా ప్రకటింపబడెను. అచటి పిల్లలకు పక్షులను గుర్తించుట పాఠమును ఆటయును గూడ. ధనికుల బిడ్డలకే యిది సాధ్యమని అనువారికి ప్రత్యుత్తరముగా, అదే సంస్థవారు చుట్టుపట్ల పల్లెలలో చిన్నబడులు నెలకొల్పి, పల్లెపిల్లలకు తెలుగున, వారి పరిసరములనుండి తీసిన విషయములతోనే పాఠములు సిద్ధపఱచిరి.

ఈ విచారణలో అన్నిటికంటె మాకు ముఖ్యముగా తోచు సంగతి కడప అడవులలో జరిగినది. జెర్డాన్ అను సైనికవైద్యుడు నెల్లూరు కడప ప్రాంతములలో తిరిగినప్పుడు ఒక చిన్నపక్షిని కనుగొనెను. 1848వ సంవత్సరమున అది శాస్త్రగ్రంథములకెక్కినది. దానికి తెలుగున కలివికోడి యని పేరు. ముండ్లపొదల నడుమ ఖాళీనేలను రాత్రివేళ మాత్రమే తిరుగును. 1900వ సంవత్సరమున అనంతపురము దిక్కున కనబడిన తరువాత పండితులెవ్వరికిని అది కానరాలేదు. నశించినదనియే పలువురు నిశ్చయించిరి. బొంబాయి ప్రకృతిచరిత్ర సంఘమువారు మాత్రము ఆశ విడువక, దాని చిత్రమును చేతబట్టుకొని పల్లెలలో అడుగ మొదలిడిరి. 1986వ సంవత్సరము జనవరిలో సిద్ధవటము ప్రాంతపు పక్షివేటగాడొకడు చిత్రమును గుర్తించి, రాత్రి దీపపు వెలుతురున ఒక పక్షిని పట్టి తెచ్చెను. ఎనుబదియాఱేండ్లు పండితలోకమునకు లేని పక్షి, చదువురాని ఆ మనుష్యునికి ఉండనే యుండెను. పిమ్మట శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యము ఏర్పడినది; ఆ పక్షి నివాసమునకు హాని కలుగకుండ తెలుగుగంగ కాలువ దారినే మార్చిరి. ఇప్పటికిని అది లోకమునందు మిక్కిలి అరుదైన పక్షులలో నొకటి.

ఈ కథలో మన సంఘముయొక్క దోషము స్పష్టముగా కానవచ్చుచున్నది. మన దేశమున ప్రకృతిజ్ఞానము లేకపోలేదు. అది గొల్లలయొద్దను, చెంచులయొద్దను, యానాదులయొద్దను, పొలములలో కలుపుతీయు స్త్రీలయొద్దను ఉన్నది. బడి వారి బిడ్డలను చేరదీయలేదు. చేరదీసినప్పుడు వారికి ముందే తెలిసినదానిని అజ్ఞానమని త్రోసివేసినది. మన బిడ్డలకు వారితో మాటలాడుటయే తగదని నేర్పితిమి. కావున తెలిసినవారికి అక్షరము లేదు, అక్షరము వచ్చినవారికి తెలియదు. బిడ్డను ఆరుబయటికి పంపుట యనగా చెట్టుచేమలయొద్దకు మాత్రమే పంపుట కాదు. వానిని ఎఱిగిన మనుష్యులయొద్దకు వినయముతో పంపుట.

పెద్దలు బిడ్డను గౌరవించినచో ఏమి జరుగునో చూపుటకు ఆ బొంబాయి సంఘము చరిత్రలోనే యొక నిదర్శనము కలదు. తల్లిదండ్రులు లేక మేనమామయింట పెరుగుచున్న సలీంఅలీ యను బాలుడు, సుమారు పదేండ్ల ప్రాయమున తాను కొట్టిన పిచ్చుకకు గొంతున పసుపు మచ్చ యుండుట చూచి, అదేమని మేనమామ నడిగెను. ఆయన తనకు తెలియదని చెప్పి, తెలిసినవారున్న ఆ సంఘమునకు ఉత్తరమిచ్చి పంపెను. కార్యదర్శియగు మిల్లర్డు దొర పసివాడని త్రోసిపుచ్చక, పెట్టెలు తెరచి, ఎండగట్టి దాచిన వందలకొలది పక్షులను చూపెను. ఆ బాలుడే భారతదేశపు పక్షిశాస్త్రమునకు పెద్దదిక్కయ్యెను. తెలియదని ఒప్పుకొన్న మేనమామయు, తలుపు తెరచిన కార్యదర్శియు లేకున్న, ఆ పిచ్చుక మచ్చ ఆ సాయంకాలమే మఱపునకు వచ్చియుండెడిది.

ఇక గృహస్థులు చెప్పు ఆక్షేపణలు. మొదటిది భయము. పాములున్నవి, నీళ్లున్నవి, ఎండ యున్నది. ఇవి నిజములే. కాని పామును ఎఱుగని బిడ్డకే పామువలన అపాయము ఎక్కువ. పొదలో చేయి పెట్టరాదు, చీకటిలో దీపము లేక నడువరాదు, కాళ్లకు చెప్పులుండవలెను, కఱచినచో మంత్రగానియొద్దకు కాక వెంటనే ఆసుపత్రికి పోవలెను అనునవి బయట తిరుగువారికే వంటబట్టును. ఈత నేర్పక చెరువును నిషేధించుట రక్షణము కాదు. రెండవది కాలము చాలదనుట. ప్రత్యేకపాఠములకును తెరబొమ్మలకును దొరకుచున్న కాలములో దినమునకొక గంట దీనికి దొరకకపోదు. మూడవది పట్టణవాసమనుట. పట్టణములోను కాకి గూడు కట్టును, రావిమొక్క గోడపగులున మొలచును, చంద్రుడు పెరిగి తరుగును. నెలదినములు ప్రతిరాత్రి చంద్రుని చూచి బొమ్మ వ్రాసిన బిడ్డకు పక్షములను గూర్చిన పాఠము వేఱుగ చెప్పనక్కఱలేదు.

నాలుగవదియు అన్నిటికంటె గట్టిదియునగు ఆక్షేపణ మాటలతో చెప్పబడదు, ఆచరణమున కనబడును. మగపిల్లవాడు చెట్టెక్కిన చిలిపితనము. ఆడపిల్ల యెక్కిన అమర్యాద. పదేండ్లు దాటునంతనే బాలిక కాలికి సుద్దగీత గీయబడును. రూసో చేసిన తప్పునే మనము ఆచారమను పేర చేయుచున్నాము. రేపు తల్లియై బిడ్డల మొదటి ప్రశ్నలు వినవలసినది ఆమెయే. చూపు మూయబడిన తల్లి బిడ్డకు దేనిని చూపును? ఆరుబయటి బడికి సంస్కర్తలు చేయవలసిన మొదటిపని ఆడపిల్లలను అందులో చేర్చుట.

ఇందుకు సభలు చేయనక్కఱలేదు. చందాలు వసూలు చేయనక్కఱలేదు. ఇంటిలో ఒక మూలనో, మేడమీద కుండీలోనో బిడ్డకు తనదని చెప్పుకొనుటకొక మడి యుండవలెను. వారమునకొకనాడు చెరువుగట్టునకో, తోటకో, కొండకో పెద్దలలో నొకరు వెంట పోవలెను; పోయి ఎక్కువగా మాటలాడకుండవలెను. బిడ్డ తెచ్చిన రాయికిని ఈకకును ఇంటిలో ఒక అల్మారా అరయైన ఉండవలెను. పొలములో పనిచేయు తాతను ఇది యేమి మొక్కయని బిడ్డ "మీరు" అని పలికి యడుగుటను మనము నేర్పవలెను. తెలియనిదానిని తెలియదని చెప్పవలెను. పుస్తకమును తరువాత తెరువవలెను.

కలివికోడిని గుర్తుపట్టినవారు ఒక తరమునకు ఒక్కరైనను మిగిలియుండిరి గనుక అది మనకు మఱల దొరకినది. రాబోవు తరమువారి బిడ్డలు తలుపుల వెనుకనే పెరిగినచో, పక్షి యుండియు దానిని ఎఱిగినవారు లేని కాలము వచ్చును. ఎఱుగనిదానిని ఎవ్వరును కాపాడరు. అందుచేత నేటి సాయంకాలము తలుపు తీసి బిడ్డను బయటికి పోనిచ్చుట, మన చదువరులు చిన్నపనిగా తలపరని మా నమ్మకము.